బిందెకు బిందె

గడ్డి చచ్చిందని ఏడ్చేవాళ్లుంటారా? రాగి చేలే నిలువునా ఎండిపోయిన సంవత్సరం అది. టేకల్ వైపూ ములబాగల్ వైపూ రైతులు మేత లేక పశువులను సంతకు తోలి, వచ్చిన కాడికి అమ్ముకుని, తిరిగి చూడకుండా ఇంటికి నడుస్తున్న కాలం. అలాంటి కాలంలో కోలారు గోల్డ్‌ఫీల్డ్స్‌లో, కంపెనీ గెస్టుహౌసు ముందు, బెంగుళూరు నుంచి డబ్బాలో తెప్పించి చల్లిన గడ్డి చచ్చింది. చక్కగా మొలిచింది, నేలంతా పచ్చటి నూగు పట్టినట్టు కనిపించింది, అంతలోనే కొసలు మాడి పసుపు పచ్చబడి, చేత్తో తడిమితే వేర్లతో సహా ఊడొచ్చేసింది. దాని కోసం ఏడవాల్సిన గతి లోకంలో ఒక్కడికే పట్టింది. అతని పేరు హనుమంతప్ప.

హనుమంతప్ప తండ్రి పలమనేరు పక్క పల్లె నుంచి బతకడానికి వచ్చి గనిలో చేరాడు. కొడుకూ అదే గనిలో దిగాడు. డ్రిల్లు పట్టుకుని రాతికి బెజ్జాలు వేయడం అతని పని. ఆ పని చేసేవాడికి కంపెనీ రెండు ఇస్తుంది, ఒకటి జీతం, రెండోది ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము. జీతం నెల తిరిగేలోగా ఖర్చయిపోతుంది. దుమ్ము మాత్రం ఎక్కడికీ పోదు. నలభై దాటి ఎన్నాళ్లో కాకముందే హనుమంతప్ప నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడే స్థితికి వచ్చాడు. ఆస్పత్రి డాక్టరు రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీయించి చూసి, ఇతన్ని ఇక కిందికి దించకండి, పైన తేలికైన పని ఏదైనా చూడండి అన్నాడు.

అనడానికేం, ఎన్నైనా అంటారు. పైన పని ఖాళీ ఉంటే కదా ఇవ్వడానికి? లేకపోతే మళ్లీ అండర్‌గ్రౌండుకు దిగాలి. దిగలేనంటే కూలీల లైనులో కంపెనీ ఇచ్చిన ఇల్లు ఖాళీ చేసి పోవాలి. ఎక్కడికి పోతాడు? పలమనేరు పక్క పల్లెలో వాళ్లకు ఇప్పుడు పొయ్యి పెట్టుకోను మూడు రాళ్ల చోటు కూడా లేదు. ఆ సమయంలోనే గెస్టుహౌసు లాను పని వచ్చింది, దేవుడు పంపినట్టు.

గనులు సర్కారు చేతికొచ్చాక తెల్లదొరలు ఓడలెక్కి వెళ్లిపోయారు. బంగళాలు ఉండిపోయాయి, బంగళాల్లో ఉండేవాళ్ల బుద్ధులూ ఉండిపోయాయి. దొరల కాలంలో గెస్టుహౌసు ముందు తివాచీలాంటి లాను ఉండేదట. అది ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఢిల్లీ నుంచి పెద్దవాళ్లు గనులు చూడ్డానికి వస్తున్నారని, వాళ్లు సాయంత్రం కుర్చీలు వేసుకుని టీ తాగడానికి లాను కావాలని పైనుంచి మాట వచ్చింది. ఎస్టేటు మేస్త్రీ సీనప్ప, టేకల్ రైతు బిడ్డ, మనిషి చెడ్డవాడు కాదు, మేస్త్రీ అంతే. అతను హనుమంతప్పకు ఆ పని అప్పజెప్పి, దాచకుండా చెప్పాడు.

"గడ్డి నిలిస్తే నువ్వూ పైన నిలుస్తావు హనుమంతప్పా. గడ్డి పోతే నీ పేరు కిందికి పోతాది. నా చేతిలో ఏమీ లేదు."

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గోల్డ్‌ఫీల్డ్స్‌కు తాగేనీళ్లు బేతమంగలం చెరువు నుంచి గొట్టాల్లో వస్తాయి. ఆ కరువులో లైన్లలో కొళాయి రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చినప్పుడు కూడా పిల్లి మూత్రం పోసినట్టు కాసేపు పోసి ఆగిపోయేది. బిందెల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకున్న రోజులున్నాయి. బంగళాలకు మాత్రం ఏ పొద్దూ లోటు లేదు. గెస్టుహౌసు వెనక గోడ పక్కన గది అంత సిమెంటు తొట్టి ఉంది. తెల్లవారగానే గొట్టం తిప్పితే ఆ తొట్టి నిండేది. సాయంత్రం ఎండ తగ్గాక హనుమంతప్ప ఆ నీళ్లతో లాను తడిపేవాడు. ఆయాసపడుతూ, ఆగుతూ, పసిబిడ్డకు లాలపోసినంత జాగ్రత్తగా తడిపేవాడు.

ఇంకో రకం నీళ్లున్నాయి. గని అడుగున ఊరే నీళ్లను పంపులతో పైకి తోడి కాలువలో వదిలేస్తారు. ఆ కాలువ లైన్ల వెనకనుంచి, గెస్టుహౌసు గోడను ఆనుకుని పోతుంది. చూడ్డానికి అద్దంలా ఉంటాయి ఆ నీళ్లు. సబ్బు రుద్దితే నురగ రాదు, పప్పు వేస్తే ఉడకదు, నోట్లో పోసుకుంటే నాలుక మీద తుప్పూ ఉప్పూ కలిసిన చేదు. కొళాయి రాని రోజు లైన్లకు అవే గతి.

గడ్డి చచ్చాక అందరికీ దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అన్నారా? ఎంత బాగా మొలిచిందని గెస్టుహౌసు వంటవాడు, పట్టు కుచ్చులా ఉండేదని సీనప్ప, మొలిచిన రోజుల్లో దాని మొహం కూడా చూడనివాళ్లు వచ్చి తలో మాట అన్నారు. ఎస్టేటు ఆఫీసరు మైసూరు వైపు కుర్రాడు, తెలివైనవాడే. మొలకలు పీకి వేర్లు చూశాడు, మట్టి నలిపి వాసన చూశాడు. విత్తనం చెడ్డదేమోనని ఎవరో అంటే, తెరిచిన డబ్బా అడుగున మిగిలిన విత్తనం చిటికెడు తీసి తడిగుడ్డలో కట్టించి చూశాడు. గింజ గింజా మొలిచింది. ఇంకో డబ్బా ఉంది, కానీ ఎందుకు చచ్చిందో తెలియకుండా దాన్ని తెరవనని తేల్చి చెప్పాడు. ఆ మాట న్యాయమైనదే. న్యాయమైన మాటలు ఎప్పుడూ బక్కవాడి మెడ మీదికే వస్తాయి.

సీనప్ప ఎరువును అనుమానించాడు. ఎరువు బైరకూరులో ఉన్న హనుమంతప్ప బావమరిది దిబ్బలోంచి వచ్చింది. పచ్చి పేడ అయితే వేడికి మొలక మాడుతుంది, రాగి మడిలోనైనా అంతే, అని సీనప్ప అందరి ముందూ అన్నాడు. ఆ ఎరువు మోసుకొచ్చి చల్లింది హనుమంతప్పే. తన చేతులతో తనే చంపుకున్నాడా? నేల తవ్వి చేయి పెట్టి చూశారు. ఎరువు చల్లగా, పొడిపొడిగా, బాగా మాగిన ఎరువే. చెదలన్నాడు వంటవాడు. వెతికితే ఒక్క చెదపురుగు కనిపించలేదు. ఎండన్నారు. ఒక మూల కొబ్బరాకుల పందిరి వేసి చూస్తే, ఆ నీడలో కూడా మిగిలిన మొలకలు ఎండలో ఉన్నవాటికంటే మర్యాదగా ఏమీ చావలేదు.

ఇక సీనప్ప మొహం మారింది. వారం మారేలోగా కారణం చెప్పకపోతే నీ పేరు కింది షిఫ్టుకు పంపక తప్పదన్నాడు. అలా అంటూ హనుమంతప్ప కళ్లలోకి మాత్రం చూడలేదు.

ఇంత చేదులో హనుమంతప్పకు ఒకే ఒక్క తీపి మిగిలింది, అది ఇంట్లో ఉంది. భార్య గంగులమ్మ మనిషి గట్టిది, మాట పెళుసు. పెళ్లయిన నాటి నుంచి ఆమె నోట ముద్దుమాట విన్న పాపాన పోలేదు. అలాంటిది లాను పని మొదలైన దగ్గర్నుంచి మారిపోయింది. మధ్యాహ్నం అన్నానికి వస్తే పీట వేసి, మారు వడ్డించి, నిదానంగా తినమనేది. తిన్నాక చాప పరిచి, కాసేపు నడుం వాల్చమనేది. లేవబోతే భుజం పట్టి పడుకోబెట్టేది. దమ్ము, ఆ ఆయాసం తగ్గాలంటే పగటి పూట కునుకు ఉండాలని, ఎవరో ముసలామె చెప్పిందని అనేది. రాగిసంకటిలోకి చేసే పప్పు కూడా ఎన్నడూ లేనంత మెత్తగా, వెన్నలా ఉండేది. ఈ జబ్బు వచ్చింది మంచికేనేమో, ఈ వయసులో పెళ్లానికి మొగుడి మీద ప్రేమ పుట్టిందని అతను లోపల్లోపల మురిసిపోయాడు. పాపం, మొగవాడు ఎంత పిచ్చివాడో చూడండి.

ఒక సాయంత్రం హనుమంతప్ప చచ్చిన లాను అంచున కూలబడి కూచున్నాడు. కూచుంటే కనపడింది. వంటింటి మెట్ల పక్కన, జానెడు వెడల్పున, గడ్డి బతికి ఉంది. బతకడమేమిటి, నవనవలాడుతోంది. అదే విత్తనం, అదే బైరకూరు ఎరువు, అదే ఎండ. మరి అక్కడేం ఉంది? వంటవాడు బియ్యం కడిగిన నీళ్లు ఆ మెట్ల మీంచి పారబోస్తాడు. వంటింటి కొళాయి నీళ్లు అవి, మిద్దె మీది టాంకు నుంచి వచ్చేవి.

హనుమంతప్ప లేచి తొట్టి దగ్గరికి నడిచాడు. దోసిలి ముంచి నోట్లో పోసుకున్నాడు. పోసుకున్నవాడు పోసుకున్నట్టే ఉమ్మేశాడు. ఆ రుచి అతనికి చెప్పాలా? ఇరవై ఏళ్లు రాతి నెరియల్లోంచి అతని నెత్తిన కారిన నీళ్లే అవి.

తెల్లవారి గొట్టం తిప్పి, తొట్టి నిండాక మళ్లీ రుచి చూశాడు. తియ్యటి బేతమంగలం నీళ్లు. పొద్దున తీపి, సాయంత్రానికి చేదు. నడుమ ఏం జరుగుతోంది? నడుమ తను ఇంటికి అన్నానికి పోతాడు. ఇంకేముంది, అంతే.

ఆ మధ్యాహ్నం గంగులమ్మ పీట వేసింది. సంకటి ముద్ద పెట్టి, గుంట చేసి, పప్పు పోసింది. హనుమంతప్ప ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పప్పు నాలుక మీద కరిగిపోయింది. ఇవాళ లైనులో కొళాయి వచ్చే రోజు కాదు. నిన్న రావాల్సి ఉండీ రాలేదు.

"ఏమ్మే, ఈ పప్పు ఏ నీళ్లలో ఉడికినాది?"

గంగులమ్మ ఇంకో గరిటె పప్పు పోసి తినమంది. అతను ఎంగిలి చేయి కడక్కుండానే లేచాడు. ఆమె గబుక్కున వచ్చి భుజం పట్టుకుని, కాసేపు పడుకుని పొమ్మంది. ఆ చేయి భుజం మీద పడగానే హనుమంతప్పకు అంతా తెలిసిపోయింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి పెళ్లాం చేతి పప్పు తినే యోగం లేదు కాబట్టి అలా అన్నారేమో.

ఆయాసంతో రొప్పుతూ గెస్టుహౌసు వెనక్కి వెళ్లాడు. గోడ విరిగిన చోట లైను ఆడవాళ్లు వరసగా ఉన్నారు. జుట్లు పట్టుకునే ఆడవాళ్లే, అక్కడ మాత్రం గుళ్లో నిలబడినట్టు బుద్ధిగా, నోరెత్తకుండా నిలబడ్డారు. ఒక్కొక్కరు కాలువ నీళ్లు నిండిన బిందెతో వచ్చి, పక్కన పెట్టిన ఖాళీ కడవ తొట్టిలో ముంచి తీసుకుని, తెచ్చిన బిందె తొట్టిలో కుమ్మరించి పోతున్నారు. తొట్టి మట్టం ఎక్కడిదక్కడే ఉంది. వరసకు పెద్ద తాయమ్మ, హనుమంతప్ప పక్కింటి ముసలామె, తన బిందె పట్టుకుని తొట్టి గట్టు మీద నిలబడి చూస్తోంది. తీసుకున్నవాళ్లు పోస్తున్నారా లేదా అని కాపలా.

హనుమంతప్పను చూసి ఆడవాళ్లు ఆగిపోయారు. తాయమ్మ ఆగలేదు. చేతిలో బిందె తొట్టిలో వంచేసి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె మొహంలో తప్పు చేసిన ఛాయ లేదు. ఆయాసం తీరేదాకా ఆగి, అతను గడ్డి సంగతి చెప్పాడు. ఈ నీళ్లకే గడ్డి చచ్చిందన్నాడు. ముందు ఎవరూ నమ్మలేదు. కాలువ గట్టున గరిక మోకాలెత్తు పెరిగి ఉంటే, ఈ నీళ్లకు గడ్డెలా చస్తుందని ఒకామె అడిగింది. అది మన మొండి గరిక, రాయి మీదైనా బతుకుతుంది, ఇది డబ్బాలో వచ్చిన పసిగడ్డి అని హనుమంతప్ప చెప్పాడు. అప్పుడు తాయమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది. చంపాలని ఎవరు చేశారు? గడ్డికి ఏ నీళ్లయితే ఏమనుకున్నారు.

హనుమంతప్పకు ఆ క్షణంలో ఒక దారి తోచింది. ఇప్పటికీ అతని బుర్ర మంచిదే, లోకమే వంకర. ఇంత తొట్టిలో మీరు తీసుకునేది తీసుకున్నా గడ్డికి సరిపోను మిగులుతుంది, తక్కువైతే నేను చూసుకుంటాను, తీసుకోండి, కానీ తిరిగి ఏమీ పోయకండి అని చేతులు జోడించాడు.

తాయమ్మ మొహం ఎర్రబడింది.

"అంటే దొంగతనం చేయమంటావా? నా మొగుడు ముప్పై ఏండ్లు గనిలో దిగినాడు. షిఫ్టు ఇడిసి పైకొచ్చినప్పుడల్లా గుడ్డలిప్పి సోదా చేసినారు. నోట్లో ఏలు పెట్టి ఎదికినారు. ఒగ నలుసు బంగారం దొరికిందా? మా ఇంట్లో దొంగ అనే మాట పడలేదు హనుమంతప్పా. ఒగ బిందె తీసుకున్న్యాము, ఒగ బిందె పోసినాము. ఎవురి సొమ్మూ మేము ఉంచుకోలేదు."

వరసలో ఉన్న ఆడవాళ్లంతా తలాడించారు. వాళ్ల ఇళ్లలోనూ మొగవాళ్లు రోజూ గుడ్డలిప్పుకుని నిలబడి వచ్చినవాళ్లే. తొట్టి మట్టం తగ్గితే దొంగతనం, తగ్గకపోతే మార్పిడి. ఆ గీత దాటడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. అన్యాయంగా ఎత్తుకుపోయి ఉంటే గడ్డి ఈపాటికి బెత్తెడెత్తు పెరిగి ఉండేది. నిజాయితీగా బిందెకు బిందె కొలిచి పోసి చంపేశారు. నవ్వాలో ఏడవాలో తెలియక హనుమంతప్ప ఆ గట్టు మీదే కూచుండిపోయాడు.

పొద్దుగూకి ఇంటికి వచ్చేసరికి గంగులమ్మ చాటలో రాగులు చెరుగుతోంది. అతనే అడిగాడు. తనకెందుకు చెప్పలేదని కాదు. అది అతనికి ముల్లు కాదు. ముల్లు వేరే చోట ఉంది.

"నన్ను దినామూ పడుకోబెట్టింది దీనికేనా?"

గంగులమ్మ చాట కింద పెట్టింది. అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేదు.

"దీనికీ, దానికీ. నీ దమ్ము చూసి నాకు బేజారు కాదా? నీకు చెప్తే నువ్వు వద్దనాల, లేదంటే తోడు రావాల. రెండూ నీకేంటికని గమ్మున ఉండిపోయినాను."

ఆ మాటలో నిజమెంతో అతను కొలుచుకుంటూ కూచున్నాడు. కొలవడానికి అదేం బిందెనా? ఇంత ప్రేమలో కాలువ నీళ్లు ఎన్ని కలిశాయో ఎవరు చెప్పగలరు? చాలా నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటూనే, మానేయమని ఆడవాళ్లకు చెప్పవే అని బతిమాలాడు. మానేస్తే తాగేదేమిటని ఆమె అడిగింది. తాయమ్మ ఇంట్లో బాలింత ఉంది, దానికి కాలువ నీళ్లు కాచి పోయమంటావా అని అడిగింది. తనకూ ఊపిరి లేదు, వాళ్లకూ నీళ్లు లేవు.

గడువు ముగిసే రోజు ఎస్టేటు ఆఫీసరు స్వయంగా వచ్చాడు. వెనకే సీనప్ప. హనుమంతప్ప రాత్రంతా దగ్గుతూ ఆలోచించినవే మళ్లీ తల్లో తిప్పుకున్నాడు. విత్తనం మీద పెడదామంటే విత్తనం మంచిదని తేలిపోయింది. ఎరువు మీద పెడదామంటే ఆ ఎరువు తెచ్చింది తనే. నోరు మూసుకుంటే సోమవారం కేజీ ఎక్కాలి, గనిలోకి దించే ఆ ఇనప బోనులో నిలబడి, అడుగుకు అడుగు వేడెక్కే ఆ చీకట్లోకి దిగాలి. దిగితే ఎన్నాళ్లు? డాక్టరు చెప్పకపోయినా తన రొమ్ము తనకు చెబుతూనే ఉంది. మింగలేక కక్కలేక నిలబడి, చివరికి కక్కేశాడు.

"తొట్టిలో కాలవ నీళ్లు కలస్తా ఉండాయి సార్. దానికే గడ్డి చచ్చినాది."

ఎవరు కలుపుతున్నారని ఆఫీసరు అడిగాడు. చూడలేదన్నాడు హనుమంతప్ప. ఆఫీసరు విరిగిన గోడ వైపు చూశాడు, గోడ దాకా పడిన కాలిబాట వైపు చూశాడు, ఆ బాట చివర లైన్ల వైపు చూశాడు. ఇంకేం అడగలేదు. పేర్లు తీసి పంచాయితీ పెట్టే మనిషి కాదతను. సాయంత్రానికల్లా గోడ పూడ్చేశారు. తొట్టికి ఇనప మూత, మూతకు తాళం. తాళంచెవి హనుమంతప్ప మొలతాడుకు కట్టారు. ఇకనుంచి మధ్యాహ్నం కూడా ఇక్కడే ఉండాలి, అన్నం ఇక్కడికే తెప్పించుకోవాలి, తొట్టికి నువ్వే కాపలా అన్నారు. నీ పని నిలిచిందిలే అని సీనప్ప వీపు తట్టాడు. అతను నిజంగానే సంతోషించాడు.

లైనులో ఎవరూ హనుమంతప్పను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అతను నడిచొస్తుంటే ఆడవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చేవాళ్లు, ఒకప్పుడు తెల్లదొరలకు ఇచ్చినట్టు. తొట్టిదొర వస్తున్నాడు జరగండి అని ఎవరో అన్నారు. ఆ పేరు అంటుకుపోయింది. గంగులమ్మ రోజూ మధ్యాహ్నం కారియరు తెచ్చి గేటు దగ్గర పెట్టి, లోపలికి అడుగు పెట్టకుండా తిరిగిపోయేది. ఒకరోజు అతను ఉండబట్టలేక, వంటవాడు నిద్రపోతున్నాడు, ఒక్క బిందె నీకు తీసిస్తాను, ఎవరూ చూడరు అన్నాడు.

"లైనంతా కాలవ నీళ్లు తాగతా ఉంటే, నేనొగదాన్ని ఈ నీళ్లతో కూడొండుకోవాల్నా దొరా?"

తమాషాకు అనలేదు ఆ మాట. దొరా అని కట్టుకున్న పెళ్లాం నోట వినడం ఎలా ఉంటుందో హనుమంతప్పకు అప్పుడు తెలిసింది. ఆ పూట కారియరు మూత తీయలేదు.

రెండో డబ్బా గడ్డి బ్రహ్మాండంగా వచ్చింది. రాకేం, తాళం వేసిన తియ్యనీళ్లు. వచ్చినవాళ్లంతా ఆగి చూసేవాళ్లు. ఎండిపోయిన ఊరి మధ్య ఆ పచ్చదనం కళ్లకు కుట్టేది. ఢిల్లీ పెద్దవాళ్లు వచ్చారు. గనులు చూశారు, సాయంత్రం లానులో కుర్చీల్లో కూచున్నారు. హనుమంతప్ప ఉతికిన చొక్కా వేసుకుని గోడ పక్కన నిలబడ్డాడు. వాళ్లలో తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన చెప్పు విడిచి, పాదంతో గడ్డిని తడిమి చూశాడు. తర్వాత టీ కప్పు కింద పెట్టి, ఇంత కరువులో కార్మికులకు తాగను నీళ్లు లేవని దారంతా వింటూ వచ్చాను, మీరు గడ్డికి పోస్తున్నారా అని కంపెనీ వాళ్లను అందరి ముందూ కడిగేశాడు. మంచివాడు ఆయన. ఆయన మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు.

కారు గేటు దాటిందో లేదో, తొట్టికి వచ్చే గొట్టం కట్టేయమని ఆర్డరు వచ్చింది. నీళ్లు ఆదా అయ్యాయి. ఆదా అయిన నీళ్లు లైన్లకు వచ్చాయా అంటే, లైన్లలో కొళాయి అప్పుడూ రోజు విడిచి రోజే, ఆ కాసేపే. బంగళాల్లో గులాబీలు మాత్రం వాడలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. లాను వారంలో మాడిపోయింది. ఈసారి ఎందుకు చచ్చిందో కనుక్కోమని ఎవరూ అడగలేదు.

గడ్డి లేనప్పుడు గడ్డి కాపలా ఏంటికి? సీనప్ప గేటు దగ్గరికి వచ్చి, నేల చూస్తూ, సోమవారం నుంచి కింద మొదటి షిఫ్టు అన్నాడు. పైన ఇంకేదీ ఖాళీ లేదని, తను అడిగి చూశానని చెప్పాడు. అడిగే ఉంటాడు. హనుమంతప్ప మొలతాడు విప్పి తాళంచెవి అతని చేతిలో పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి గంగులమ్మ కాలువ నుంచి తెచ్చిన బిందె దించుతోంది. అతను గడపలో కూచుని చెప్పాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంతా విన్నది. తర్వాత వచ్చి అతని ఎదురుగా కూచుంది. ఆమె గొంతులో కోపం లేదు, అడగాలనే అడిగింది.

"నీ పనీ పాయ. మా నీళ్లూ పాయ. ఇంగ ఎవురి కోసరం చెప్పితివయ్యా?"

హనుమంతప్ప చెప్పబోయి నోరు తెరిచాడు. దగ్గు ముంచుకొచ్చింది. అది తగ్గేదాకా ఆమె అతని వీపు నిమురుతూనే ఉంది, జవాబు కోసం మొహంలోకి చూస్తూనే ఉంది. సోమవారం పొద్దున సైరను కూసి, పదిమంది మధ్య కేజీలో ఒదిగి నిలబడి, కిందికి దిగుతున్నప్పుడు కూడా అతను ఆ జవాబే వెతుక్కుంటున్నాడు.